స్టీక్‌కు నాలుగు విజిల్స్

నేను కూర్చుని అన్నం తిన్నది మా పెళ్లి బంతిలో ఒక్కసారేనని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో గరిటె, పొయ్యి మీద పాలు, వీధిలో కూరగాయల బండి. నా కాలు ఒకచోట నిలవదు. ఇంట్లో ఎవరైనా తింటుంటే మరీ నిలవదు. వాళ్ల ప్లేటు పక్కనే నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వడ్డిస్తూనే ఉంటాను. అదే ప్రేమ అనుకున్నాను చాలా ఏళ్లు.

మా పాప ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పటి మాట ఇది. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని నేనే పట్టుబట్టి విజయవాడలో హాస్టల్లో చేర్చాను. మా ఆయన మార్కాపురం పలకలు లోడు చేసుకుని లారీ తోలతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. "మన ఊర్లో కాలేజీలు లేవా ఏంది?" అని ఒక్కసారి అన్నాడు. నా నోటికి జడిసి మళ్లీ అనలేదు.

దసరా సెలవులకు పాప వారం రోజులు ఇంటికి వచ్చింది. బస్టాండులో దిగిన పిల్లను చూసి రెండు క్షణాలు పోల్చుకోలేకపోయాను. మెడ కింద ఎముకలు తేలాయి. మణికట్టుకు వాచీ జారిపోతోంది. ఇంటికి తెచ్చి కోడికూర వండాను. రెండు ముద్దలు తిని చేయి కడుక్కుంది. మర్నాడు జొన్నరొట్టె, గోంగూర. సగం రొట్టె. మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం బజ్జీలు. ఏది పెట్టినా "ఆకలి లేదు మా" అనే మాటే. అడిగితే చెప్పదు, గట్టిగా అడిగితే గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంటుంది. ఆ తలుపు ముందు నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. వారం దాటితే మళ్లీ బస్సెక్కించాలి. ఇట్లా ఎముకల గూడును ఎట్లా పంపేది? పంపకపోతే చదువేం కావాలి? ఆ రెండింటి మధ్య నాకు నిద్ర పట్టలేదు, కుదురు లేదు, ఊరికే గిన్నెలు తోముకుంటూ తిరిగాను.

మూడో రోజు పొద్దున నా ఫోనులో ఏదో వీడియో చూస్తూ మొదటిసారి కొంచెం నవ్వింది. వెనక నుంచి తొంగిచూశాను. కొరియా వంటట. మందంగా కోసిన మాంసం ముక్కను పెనం మీద రెండు వైపులా కాల్చి, సన్నగా తరిగి, ఎర్రటి సాసు, పులిసిన క్యాబేజీ పెట్టి, బ్రెడ్డు మధ్యలో కుక్కి ఇస్తున్నారు.

"అదేందే?"

"స్టీక్ శాండ్‌విచ్ మా. కొరియా టైపు."

"తింటావా?"

పాప భుజాలెగరేసింది. "ఇక్కడ యాడ దొరుకుతాది?"

తినను అనలేదు కదా! నాకు అంతే చాలు. కొంగు దోపుకుని బయటపడ్డాను. ఆ వీడియోలో వాళ్లు కాల్చింది ఆవు మాంసం, అది మా గడప తొక్కదు. అయితే ఏం, పొట్టేలుంది. గోచుజాంగ్ అనే ఎర్ర సాసు కోసం మూడు దుకాణాలు తిరిగాను. ఒకాయన టమాటా సాసు చేతిలో పెట్టి "ఇదీ ఎర్రగానే ఉంటాదక్కా" అన్నాడు. చివరికి ఇంట్లో జాడీ దించాను. పండుమిరపకాయల పచ్చడి ఉప్పులో ఊరడం మొదలై నెలలయింది, కొరియా వాళ్లదీ పులిసిన మిరపకాయే కదా. కొంచెం బెల్లం, వేయించిన నువ్వుల పొడి, నూడుల్స్ బండివాడి దగ్గర అడిగి తెచ్చిన సోయా సాసు కలిపి నూరాను. నాకితే నషాళానికి అంటింది. బాగుంది. క్యాబేజీని తరిగి, ఉప్పు పట్టించి, నీళ్లు పిండేసి, అల్లం వెల్లుల్లి కారం రాసి సీసాలో కూరాను. రెండో రోజుకు బుడగలు తేలి, వంటిల్లంతా ఒకటే వాసన. లోడు దించి ఇంటికొచ్చిన మా ఆయన బీరువా కింద ఎలుక చచ్చిందేమోనని టార్చిలైటు వేసి వెతికాడు. మళ్లీ డ్యూటీకి వెళ్లేదాకా నేను నిజం చెప్పలేదు.

ఇక మాంసం. దుకాణం దగ్గర వరసలో నిలబడ్డాను. నా వంతు రాగానే కొట్టేవాడికి గట్టిగా చెప్పాను. "అన్నా, తొడ మాంసం, ఎముక లేకుండా. ముక్కలు కొట్టొద్దు. రెండు వేళ్ల మందాన ఒకటే పలక మాదిరి కోసియ్యి."

"సరేనక్కా," అన్నాడు. నాకు కావలసినట్టే తొడ తీశాడు, ఎముక తీశాడు, మొద్దు మీద పరిచాడు. పరిచి, నా వెనక ఉన్నాయనతో ఊర్లో వర్షం సంగతి మాట్లాడుతూ టకటకా కొట్టేశాడు. కన్ను మూసి తెరిచేలోగా కూరముక్కలు. నేను అరిచేసరికి కత్తి పైకెత్తి, ముక్కల వైపు తనే ఆశ్చర్యంగా చూశాడు. "చెయ్యి ఆగలేదక్కా. ఇన్నేండ్లలో కొట్టకుండా ఇచ్చింది లేదు," అన్నాడు. ఏమని తిట్టను? ఆ ముక్కలు మామూలు కూరయ్యాయి. పాప ఆ కూరతోనూ రెండు ముద్దలే తిన్నది. సెలవుల్లో నాలుగో రోజు అట్లా పోయింది.

మా నాయనకు ఫోను చేశాను. పెద్దారవీడు అవతల మా పుట్టిల్లు. నాయనకు ఇప్పటికీ గొర్రెలున్నాయి, ఇప్పటికీ తనే తోలుకుపోతాడు. "తొడ మొత్తం దేనికమ్మే? విందా?" అన్నాడు. పాప తినడం లేదని చెప్పాను. "సరే, తెస్తా," అన్నాడు.

మర్నాడు పదింటికల్లా వచ్చాడు. మోదుగాకుల్లో చుట్టిన తొడ సంచిలో ఉంది, చెక్కుచెదరలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నాయన చెప్పులు విడిచి గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని, ముందు గదిలో టిఫిను తింటున్న పాపను చూస్తున్నాడు. నేను పక్కనే ఉండి, ఇంకో దోసె వేయనా, చట్నీ వేసుకో, ఎందుకట్ల కెలుకుతావు, అంటున్నాను. పాప అరదోసె వదిలి లేచింది.

నాయన మెల్లగా అన్నాడు. "మేత మానిన గొర్రెను తోలగూడదమ్మే. మందలోంచి పక్కకు తీసి నీడన కట్టేస్తాం. పక్కన కూచుంటాం. అది నెమరేసిందాకా లేవం."

"నా బిడ్డ గొర్రె కాదు నాయనా," అన్నాను విసుగ్గా. విసుగెందుకో నాకే తెలియదు. రేపు రాత్రికి బస్సు టికెట్టు ఉంది.

తొడలోంచి ఎముక తీసి, మందంగా ఒకటే పలక కోసి, దానికి పచ్చి బొప్పాయి రసం, సోయా సాసు, వెల్లుల్లి పట్టించి గంటసేపు ఉంచాను. ఇనప పెనం పొగలొచ్చేదాకా కాగింది. ముక్క వేసేసరికి చుయ్యిమని శబ్దం, ఇల్లంతా పొగ. పాప వంటింట్లోకి వచ్చింది. ఈ ఐదు రోజుల్లో తనంతట తను రావడం అదే మొదలు. ఫోను పట్టుకుని "ఒక్కో పక్క మూడు నిమిషాలు మా, తిప్పు, తిప్పు," అన్నది. రెండు వైపులా నల్లగా, మెరుస్తూ కాలింది. దించి ప్లేటులో పెట్టాను. వెంటనే కోయకూడదట, పది నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయాలట. వీడియోలో చెప్పారు.

పది నిమిషాలు ఊరికే ఉండటం నా వల్ల అయ్యే పనా? అప్పుడు గుర్తొచ్చింది, ఇన్ని తిరుగుళ్లలో బ్రెడ్డు తేవడమే మరిచిపోయాను. పాప స్నానానికి పోయింది. "నాయనా, చూస్తుండు, పిల్లి వస్తాది," అని చెప్పి స్కూటీ తీశాను.

బేకరీ నుంచి తిరిగొచ్చి సందు మలుపులో ఉండగా మా ఇంట్లోంచి కుక్కరు కూసింది. నేను కుక్కరే పెట్టలేదు.

నాయన పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. ప్లేటు ఖాళీ. "నాయనా, మాంసమేది?"

"ఏందమ్మే నువ్వు, సగం కాల్చి మరిచిపోయి పోయినావు. వేలితో నొక్కితే ఎర్రనీళ్లు కారినాయి. చిక్కిన పిల్లకు పచ్చిమాంసం పెడతావా? ముక్కలు కోసి, పసుపు, ఉప్పు, అల్లం వేసి పెట్టినా. మూడు కూతలు వచ్చినాయి."

ఆయన మాట ముగిసేలోగా నాలుగోది కూసింది.

నేను అరిచాను. సిగ్గు లేకుండా అరిచాను. ఐదు రోజుల తిరుగుడు, పిల్లి కాపలా, రేపటి బస్సు, అన్నీ కలిపి మా నాయన మీద కుమ్మరించాను. ఆయన గరిటె పట్టుకుని నేల చూస్తున్నాడు. అప్పుడు వెనక నుంచి నవ్వు వినిపించింది. తడి జుట్టుతో, తలుపు పట్టుకుని, పాప వంగి వంగి నవ్వుతోంది. "మా, తాత స్టీక్‌కు నాలుగు విజిల్స్ పెట్టినాడు! నాలుగు!" నవ్వలేక కింద కూర్చుంది. వాళ్ల తాతకు ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు. నాకు కోపం పోలేదు కానీ, ఆ నవ్వు విని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇక స్టీక్ లేదు. మెత్తగా ఉడికిన మాంసాన్ని వేళ్లతో పీచుపీచుగా విడదీసి, అదే పెనం మీద ఎర్ర సాసు వేసి అంటుకుపోయేదాకా వేయించాను. బ్రెడ్డు వెన్నతో కాల్చాను. పులిసిన క్యాబేజీ పరిచి, మాంసం పెట్టి, పైన నువ్వులు చల్లి, నొక్కి, అడ్డంగా కోశాను. పాప, నాయన వంటింట్లోనే గోడ వారగా కింద కూర్చున్నారు. ఇద్దరికీ చెరో ప్లేటు ఇచ్చాను. పాప కొరికింది. నమిలింది. నేను ఇంకోటి చేతిలో సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాను. "కారమైందా? నీళ్లియ్యనా? ఉప్పు చాలిందా? ఇంకోటి ఉంది, అది తిను ముందు."

పాప నమలడం ఆపేసింది. శాండ్‌విచ్ ప్లేటులో పెట్టేసింది.

"ఏమే, బాగలేదా?"

"బాగుంది," అన్నది నా వైపు చూడకుండా. "నువ్వు కూచో మా."

"నేను తర్వాత తింటాలే, ముందు నువ్వు..."

"తినమనలేదు. కూచోమన్నా. నువ్వట్ల నెత్తి మీద నిలబడితే నాకు హాస్టల్లో ఉన్నట్టే ఉంది."

అప్పుడు చెప్పింది, ప్లేటు అంచును గోటితో గీరుతూ. అక్కడ తినడానికి పావుగంట. బల్లల వెనక ఒక మేడం వాచీ చూసుకుంటూ తిరుగుతుంది. కానీయండి, కానీయండి, ఇంకా కాలేదా అంటుంది. పరీక్షలో మార్కులు తగ్గినవాళ్ల వెనక వచ్చి ఆగుతుంది. "నా వెనకే ఎక్కువ ఆగుతాది మా. ఆమె తిట్టదు, కొట్టదు. ఊరికే నిలబడుతాది. ముద్ద గొంతులో ఆగిపోతాది. ఇంటికొస్తే సరిపోతాదనుకున్నా. ఈడ నువ్వు నిలబడినావు."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కన్నతల్లిని, పిల్లకు అన్నం మింగుడు పడకుండా చేస్తున్నది నేనే. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు. నాయన గోడకు ఆనించిన పీటను కాలితో నా వైపు తోశాడు.

కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొయ్యి మీద పెనం ఇంకా పొగలు కక్కుతోంది, లేచి కట్టేయాలని మోకాళ్లు లాగుతున్నాయి. నాయనే చేయి చాచి కట్టేశాడు. నా చేతిలో ఉన్నది నేనే కొరికాను. మిరపకాయ ఘాటు, బెల్లం తీపి, క్యాబేజీ పులుపు, అన్నిటి కింద మా నాయన పసుపు వాసన. కాసేపటికి పాప మళ్లీ ప్లేటు అందుకుంది. మెల్లగా, చాలా మెల్లగా తన భాగం తినేసింది. ఆ తర్వాత నా చేతిలోంచి సగం తుంచుకుంది. నాయన కళ్లు మూసుకుని గోడకు జారగిలబడ్డాడు, పని అయిపోయినవాడిలాగా.

మర్నాడు నేను బ్యాగు సర్దలేదు. పాప అడగలేదు. రెండు రోజుల తర్వాత హాస్టలు నుంచి ఫోనొస్తే, పిల్లను పంపడం లేదని చెప్పాను. అవతల మనిషి భవిష్యత్తు గురించి చాలాసేపు మాట్లాడింది. ఆ మాటలు ఒకప్పుడు నేను మా ఆయనతో అన్నవే. ఆ వారంలోనే నేనూ మా ఆయనా లారీలో పోయి పెట్టె, పరుపు తెచ్చేసుకున్నాం. మార్కాపురంలోనే కాలేజీలో చేరింది.

ఇప్పుడు మా ఇంట్లో నెలకోసారి ఆ శాండ్‌విచ్ ఉంటుంది, నాలుగు విజిల్స్‌తోనే. నా గుణం పూర్తిగా మారిందని చెప్పను. తింటుంటే మధ్యలో నీళ్లకనో, ఉప్పుకనో లేవబోతాను. పాప ఏమీ అనదు. నమలడం ఆపి ఊరికే ఉంటుంది. నేను మళ్లీ కూర్చుంటాను.