నా చెయ్యి అడిగిన డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు అత్తకు తల దువ్వుతుండగా వచ్చింది. క్లినిక్‌లో చీటీలు రాసే అమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, డాక్టరమ్మ నహీ రహీ" అంది. ఆ పైన ఏడుపే. పొద్దున్నే లేచి, ఊపిరి అందక మంచం మీద కూర్చున్నారట. కూర్చున్న చోటే పోయారట. ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ దువ్వెన తీసుకున్నాను. మధ్యలో ఆపితే అత్త కంగారు పడుతుంది. ముడి చుట్టి, మొహం తుడిచి, ఇడ్లీ చిదిపి తినిపించాను. తరువాత వంటింట్లో గిన్నెల ముందు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు బరువుగా ఉంది, అంతే.

ఆవిడ వయసు మళ్ళిన వాళ్ళను చూసే డాక్టరు. కద్మాలో ఒక మందుల షాపు వెనక రెండు గదుల క్లినిక్. కోస్తా నుంచి ఈ ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. పెళ్ళి చేసుకోలేదు. తల్లిని చివరిదాకా తానే చూసుకున్నారు.

పేషెంటు గుమ్మం దాటుతుండగానే ఆవిడ చూపు కాళ్ళ మీద ఉండేది. చెప్పులు విప్పించి అరికాళ్ళు, గోళ్ళు చూసేవారు. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేవమనేవారు. లేవలేని వాళ్ళకు అదే వైద్యం, రోజూ కాసేపు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. "ముసలితనానికి మందు లేదమ్మా, అవసరమూ లేదు. కింద పడకుండా చూసుకుందాం" అనేవారు. పప్పు, గుడ్డు మానొద్దని, బాత్రూం దారిలో లైటు ఆర్పొద్దని, చెవి వినపడకపోతే సిగ్గుపడకుండా మిషను పెట్టుకోమని వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. చెప్పిందే చెప్పి చెప్పి సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. కొడుకెవరైనా తండ్రి తరఫున జవాబు చెప్పబోతే, "మీరాగండి బాబూ, నేను నాన్నగారిని అడిగాను" అనేవారు.

మా అత్తకు మతిమరుపు ముదిరాక ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాను. సాయంత్రమయ్యేసరికి అత్త బర్మామైన్స్ పేటలో మా పాత ఇంటికి పోదామని గుమ్మం పట్టుకునేది. ఆ ఇల్లు మేం ఎప్పుడో ఖాళీ చేశాం. మామగారు పోయి చాలా ఏళ్ళయింది. "మీ మావ డ్యూటీ దిగి వత్తారు, కూడొండాల" అనేది. వేరేచోట రాసిచ్చిన నిద్రమాత్రలు వేస్తే మర్నాడు మధ్యాహ్నం దాకా తూలిపోయేది. డాక్టరమ్మ అత్తను నెమ్మదిగా పరీక్ష చేసి, ఆ మాత్రలు కొద్దికొద్దిగా ఎలా తగ్గించాలో చెప్పారు. మేం లేవబోతుంటే నా వైపు తిరిగారు.

"కూర్చోమ్మా. ఇప్పుడు నీ చెయ్యి ఇలా పెట్టు."

"నాకేటీ నేదండి. మా అత్తకే."

"తెలుసు. చెయ్యి పెట్టు."

పట్టీ చుట్టి బీపీ చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. "తలనొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు. నాకు తలనొప్పి ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. అడిగిన వాళ్ళూ లేరు. అత్త కొంగు సర్దుతూ కూర్చున్నాను.

నాకు మందు రాసి, ఈసారి మా ఆయన్ని వెంటబెట్టుకు రమ్మన్నారు. ఆయన ఆదిత్యపూర్‌లో లేత్ వర్క్‌షాపులో పని చేస్తారు. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే దీపాల వేళకు లేస్తారు. గొణుక్కుంటూనే వచ్చారు.

"మీ అమ్మగారికి కొత్త మందులేం లేవు బాబూ. నీకే రాస్తున్నాను" అన్నారు డాక్టరమ్మ.

"నాకా? నాకేటయ్యిందండి?"

"ఆదివారం మధ్యాహ్నాలు. అమ్మకి అన్నం పెట్టి, పక్కన కూర్చోవాలి. ఈవిడ ఇంట్లో ఉండకూడదు."

"ఆడోళ్ళ పనులు నాకు సేతకావు డాక్టరమ్మా."

"మిషన్ పని పుట్టగానే చేతనయిందా? నేర్చుకున్నావుగా. ఈవిడ మంచాన పడితే ఇద్దర్నీ నువ్వే చూసుకోవాలి. అప్పుడు ఆదివారం ఒక్కటీ సరిపోదు."

నిజంగానే చీటీ మీద ఆయన పేరు రాసి, కింద ఆదివారం అని రాసిచ్చారు. మా ఆయన ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

మొదటి ఆదివారం ఎక్కడికి పోవాలో తెలియక మా చెల్లెలింటికి పోయాను. కబుర్లు చెబుదామని అది టీ పెట్టి తెచ్చేలోపే దాని మంచం మీద నిద్రపోయాను. ఇంటికొచ్చేసరికి చొక్కా నిండా పప్పు మరకలతో మా ఆయన, అలిగి గోడవైపు తిరిగిన అత్త. ఆ వారం మా ఇంట్లో గొడవే అయింది. అయినా మళ్ళీ ఆదివారానికి ఆయనే, "ఎల్లు, ఎల్లు" అన్నారు. కొన్నాళ్ళకి ఒకరోజు చిన్నగా చెప్పారు: "నాను పక్కన కూకుని తింతుంటే అమ్మా తింతంది."

ఒకసారి క్లినిక్‌లో నేను అడగకూడని మాట అడిగాను. "ఇంకా ఎన్నాళ్ళు డాక్టరమ్మా?" అన్నాను. నోరు జారాక భయమేసింది.

ఆవిడ మందలించలేదు. "నాకు తెలీదమ్మా. మా అమ్మ విషయంలో నేనూ అనుకునేదాన్ని, పైకి అనలేదు. అలిసిపోయిన వాళ్ళందరికీ వచ్చే ప్రశ్నే. ప్రేమ లేక కాదు" అన్నారు. ఆ మాటతో అత్త పని ఏమీ తగ్గలేదు. తగ్గుతుందని ఆవిడా అనలేదు. కాని ఆ రోజు నుంచి నన్ను నేను అసహ్యించుకోవడం మానేశాను. దానికే చాలా ఓపిక ఖర్చయ్యేదని మానేశాక తెలిసింది.

చివరిసారి చూసినప్పుడు ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి.

"ఎవులికైనా సూపించుకున్నారా?" అన్నాను.

"చూపించుకున్నాను. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించాను. పని తగ్గించమన్నారు" అని బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళ వైపు చూశారు. "ఇవాళ నాకూ విసుగ్గానే ఉందమ్మా. టీ చెప్పు, ఇద్దరం తాగుదాం."

సమాధి చేసిన రోజు ఆదివారం కాదు. మా ఆయన పని మానుకుని, "నువ్వెల్లు. అమ్మని నాను సూత్తాను" అన్నారు.

అలాంటి అంతిమయాత్ర నేనెప్పుడూ చూడలేదు. వచ్చిన వాళ్ళలో సగం మంది కర్రలతో, వాకర్లతో వచ్చారు. మిగతా సగం వాళ్ళను పట్టుకుని నడిపిస్తున్న వాళ్ళు. ఎండ బాగా ఉంది. ప్రార్థన అయ్యాక మట్టి వేయడానికి వరుస కట్టారు. ఎవరూ తొందరపెట్టలేదు. వంగలేని వాళ్ళ చేతిలో పిల్లలు మట్టి తీసి పోస్తున్నారు. నా ముందు ఒక ముసలావిడ, ఆమె చెయ్యి పట్టుకుని నా వయసు కూతురు.

"ఎవులే పోనారు?" అంది ముసలావిడ.

"మన డాక్టరమ్మే."

నాలుగడుగులు వేశాక ముసలావిడ మళ్ళీ ఆగింది. "ఎవులే పోనారు?"

"మన డాక్టరమ్మేనమ్మా" అంది కూతురు, అప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు. తల్లి అరచేతిలో గుప్పెడు మట్టి పోసి, అది జారిపోకుండా తన చేత్తో మూసి పట్టుకుంది.