పరాయివాళ్ల కుక్క

భాస్కరరావుగారికి ఒకటే అలవాటు. ఎదురుపడ్డ ప్రతి మనిషికీ, నమస్కారం కన్నా ముందు, "ఈ కుక్క నాది కాదండి" అని చెప్పడం. అడిగినా చెబుతారు, అడక్కపోయినా చెబుతారు. ఆఫీసు వీడియో మీటింగులో అది మొరిగితే మ్యూట్ తీసి మరీ చెబుతారు.

నిజంగానే ఆయనది కాదు. జర్మనీలో, జిండెల్ఫింగెన్ ఊళ్లో మా బిల్డింగు కింది అంతస్తులో, ఆయన ఎదురు ఫ్లాటులో ఒంటరిగా ఉండే ఫ్రావ్ కెస్లర్‌ది, అంటే కెస్లర్ అమ్మగారిది. కుక్క పేరు బ్రూనో. బరువు ముప్పై రెండు కిలోలు. 2020 మార్చిలో ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అంబులెన్సు ఎక్కుతూ గొలుసు ఈయన చేతిలో పెట్టి "రెండు రోజులు" అంది. మూడో రోజు లాక్‌డౌన్.

కుక్కంటే ఆయనకు చచ్చేంత భయం. అందుకని మర్యాదగా ఉండేవారు.

"బ్రూనోగారూ, కాస్త జరుగుతారా?"

"కుక్కని గారు అంటారేంటండీ?" అన్నాను.

"మనదైతే ఒరేయ్ అనొచ్చు. పరాయివాళ్లది. రేపు ఆవిడకి తెలిస్తే బాగోదు."

బ్రూనో కూడా తక్కువది కాదు. వీళ్లింట్లో పెరుగన్నం తిని, పడుకోవడానికి మాత్రం ఎదురు గుమ్మం ముందున్న పట్టా మీదికే పోయేది. వీధి తలుపు చప్పుడైతే చాలు, చెవులు నిక్కించి లేచేది. వచ్చింది నేనని చూసి మళ్లీ పడుకునేది. నాకు రోజూ ఇదే అవమానం.

"మీ తిండి తింటూ మీ మీద విశ్వాసం లేదండి దీనికి."

"నా మీద ఎందుకుండాలి?" అనేవారు, ఎంతో తృప్తిగా.

ఆయన రెండో బాధ నడుము. ఇంటి నుంచి పని మొదలయ్యాక మూడు కుర్చీలు మార్చారు. "కుర్చీలో కూర్చుంటే ఇలా పట్టేస్తుందా? బస్తాలు మోసేవాళ్లకి పడుతుంది గానీ" అని ఆయన భార్య కౌసల్యగారు ఆయింట్‌మెంట్ రాసేవారు. నాలుగు కొట్టేసరికి బ్రూనో గొలుసు కరుచుకుని వచ్చేది. ఆయన మూలుగుతూ బయల్దేరేవారు.

ఆ చలికాలం కెస్లర్ మేనల్లుడు ఫోన్ చేశాడు. అత్త వృద్ధాశ్రమంలో మంచం పట్టింది, ఇక తిరిగి రాదు, కుక్కను షెల్టరుకు ఇచ్చేయమన్నాడు.

భాస్కరరావుగారు తనకొచ్చిన ముక్కల జర్మన్‌లో చెప్పారు. "కుక్క నాది కాదు. నాది కానిదాన్ని నేనెలా ఇచ్చేస్తాను? ఆవిడ వచ్చి అడగాలి."

అతను నాలుగుసార్లు చెప్పాడు. ఈయనా నాలుగుసార్లు ఇదే చెప్పారు. అతనే అలిసిపోయాడు.

ఆవేళ నాలుగింటి షికారుకి నేనూ ఆయనా బ్రూనోల వెంట నడిచాను. తిన్నగా ఆవిడ ఉన్న ఆశ్రమానికే వెళ్లాం. ఆశ్రమంలోకి ఎవర్నీ రానివ్వడం లేదు. వెనకవైపు తల ఎత్తున ఒక కిటికీ, దాని పక్కనే ఆవిడ మంచం. నేల మీద నిలబడ్డ కుక్క ఆవిడకి కనపడదు. భాస్కరరావుగారు మాస్కు సర్దుకుని, "ఏమీ అనుకోకండి బ్రూనోగారూ" అని, ముప్పై రెండు కిలోలనూ ఎత్తి కిటికీకి ఆనించి పట్టుకున్నారు. బ్రూనో అద్దమంతా నాకింది. లోపల్నించి ఆవిడ అద్దం మీద చెయ్యి పెట్టింది.

"నాది కాదు. మీరే వచ్చి తీసుకెళ్లాలి" అని ఈయన జర్మన్‌లో అరిచారు. ఆవిడ తలూపింది.

"రోజూనా?" అన్నాను.

"రోజూనండి. నాదని ఒక్కసారి అన్నానంటే ఆవిడ ఇంక లేవదు. ఎందుకోసం లేవాలి చెప్పండి?"

ఆయన నడుం పట్టుకుని, "కౌసల్యకి చెప్పకండి. కుర్చీ అనే అనుకోనివ్వండి" అన్నారు.

2021 జూన్‌లో వీధి తలుపు చప్పుడైంది. బ్రూనో లేచింది. ఈసారి మళ్లీ పడుకోలేదు. నడక స్టాండు తోసుకుంటూ వచ్చిన ఫ్రావ్ కెస్లర్ దాని మెడ పట్టుకుని ఏడ్చింది. భాస్కరరావుగారు గొలుసు అప్పగించి లోపలికి వెళ్లిపోయారు. మూడు రోజులు కుర్చీని కూడా తిట్టలేదు.

నవంబరులో ఆయనకు కరోనా వచ్చింది. గదిలో ఒక్కరే, లేవలేని నీరసం. మర్నాడు నాలుగింటికి నా బెల్ మోగింది. గుమ్మంలో ఫ్రావ్ కెస్లర్, బ్రూనో. ఆవిడ ముందు కుక్కను చూసింది, తర్వాత నా నడుము కేసి చూసింది. నాకు అర్థమైంది.

ఆయన కిటికీ బయట బ్రూనోను ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. లోపల ఆయన మంచం మీద నుంచే చెయ్యి ఊపారు. దారిన పోతున్న పోస్టావిడ ఆగింది.

"మంచి కుక్క. మీదేనా?"

"నాది కాదండి" అన్నాను.

కౌసల్యగారి ఆయింట్‌మెంట్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.