బొండాం నీళ్లలో విశాఖ వెళ్లిన ముక్క

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను ఒక్కరూ అడగలేదు. ఆసుపత్రి వార్షికోత్సవాల్లో సర్జన్‌గారికి శాలువాలు కప్పారు; నాకు ఆహ్వానం కూడా రాలేదు. అడగకపోయినా రాస్తున్నాను.

తొంభైల చివర్లో అమలాపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెథాలజిస్టుగా చేరాను. ఒంట్లోంచి తీసిన ముక్కలను మైక్రోస్కోపులో చూసి జబ్బు తేల్చడం నా పని. ఆ ఏడే కాట్రేనికోన నుంచి చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే సత్యం కాళ్ల వాపుతో, కడుపునొప్పితో వచ్చాడు. ఎండోస్కోపీలో జీర్ణాశయం మడతలు వేళ్లంత లావున కనిపించాయి. సర్జన్‌గారు క్యాన్సరన్నారు, జీర్ణాశయం మొత్తం తీసేయాలన్నారు.

నాకొచ్చిన పైపొర ముక్కల్లో క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. జీర్ణాశయం పొర నిత్యం అరుగుతుంది. కొత్త కణాలు పుట్టమని చెప్పే రసాయనాలు వృద్ధి కారకాలు. ఆ కబురు అందుకునేవి కణాల మీది గ్రాహకాలు. అరుదుగా ఆ కారకం అతిగా తయారవుతుంది. గ్రాహకాలకు ఆ కబురు ఆగకుండా అందుతూనే ఉంటుంది, పొర మందమైపోతుంది, రక్తంలోని మాంసకృత్తులు దాని గుండా కారిపోయి కాళ్లు వాస్తాయి. ఇది ఆ జబ్బు కావచ్చని చెప్పి, లోతైన ముక్క తీసి, కారకాన్నీ గ్రాహకాల్నీ రంగుతో చూపే పరీక్షకు విశాఖ పంపమన్నాను.

ముక్క కుళ్లకుండా ఫార్మలిన్ ద్రావణమున్న సీసాలో వేసి, విశాఖ తీసుకెళ్లమని వార్డువాళ్లు ఆ సీసాను సత్యం బావమరిది చేతికిచ్చారు. విశాఖ నుంచి ఫోనొచ్చింది: ముక్క కుళ్లిపోయింది, పరీక్ష కుదరదు.

బావమరిదిని పిలిచి అడిగాను.

"అందులో నీళ్లకి కళ్లు మండిపోయేయండి. బస్సులో అందరూ తిట్టేరు. రావులపాలెంలో దిగి పారబోసి, శుభ్రంగా లేత బొండాం నీళ్లు పోసేనండి."

"బొండాం నీళ్లా!"

"ఆయ్. సెలైన్ లేపోతే మనిషికే పట్టిస్తారు కదండీ, ముక్కకి పనికిరావాండీ?"

ఆ ద్రావణం ఎందుకో వార్డులో ఎవరూ అతనికి చెప్పలేదు.

మళ్లీ ముక్క తీయమని, అందాకా మాంసకృత్తుల ఆహారమిచ్చి ఆగమని సర్జన్‌గారిని అడిగాను. నర్సుల ముందే నవ్వారు.

"మీరు ముక్కల డాక్టరండీ. మనుషుల్ని మాకొదిలెయ్యండి."

ఆ వారమే ఆపరేషన్ చేశారు.

తీసిన జీర్ణాశయం నా బల్ల మీదికొచ్చింది. అంగుళం అంగుళం కోసి, పరీక్షించాను. ఎక్కడా క్యాన్సర్ లేదు. పొర మందమైన తీరు నేను అనుమానించిన జబ్బునే చూపింది.

వార్డులో సర్జన్‌గారి ఎదుటే సత్యానికి చెప్పాను, క్యాన్సర్ ఎప్పుడూ లేదని. అతను నవ్వబోయి ఆగిపోయాడు. భార్య సర్జన్‌గారి వైపు తిరిగింది.

"మరెందుకు తీసేసేరండీ?"

ఆయన వాచీ చూసుకుని వెళ్లిపోయారు.

సత్యం బతికాడు కానీ మళ్లీ చెట్టెక్కలేదు. ఆ జబ్బు ముదిరితే చివరికి జీర్ణాశయం తీయాల్సి రావచ్చు, ఒప్పుకుంటాను. అప్పటికి ఆ అవసరం తేలలేదు. పరీక్ష పాడైతే మనకు తెలిసింది ఏమీ లేదని అర్థం. దాన్ని క్యాన్సరని చదవకూడదు.

సర్జన్‌గారు ఇప్పుడు కొత్తపేటలో ఉంటున్నారు. అక్కడి నుంచి కాట్రేనికోనకు బస్సులున్నాయి. ఆయన వెళ్లి సత్యం భార్యకు జవాబు చెప్పాలి.