ఆమె మాట అయ్యాక వచ్చే ముఖం

సీరియళ్లంటే చిన్నచూపు ఉన్నవాళ్లను చాలామందిని చూశాను. చేతిలో పేపరు పట్టుకుని, టీవీ వైపు చూడనట్టే చూస్తూ, "ఏంటీ గోల" అంటారు. వాళ్లతో నేను వాదన పెట్టుకోను. డబ్బింగ్ స్టూడియోలో గొంతులు రికార్డు చేసేవాణ్ని, నా తిండి ఆ గోలలోంచే వస్తోంది. కాకపోతే అక్క సంగతి మాత్రం వాళ్లకు చెప్పాలని ఉంటుంది.

అక్క నా తోడబుట్టింది కాదు. వేరే భాష నుంచి మన భాషలోకి తెచ్చే ఒక సీరియల్లో అత్తగారి పాత్రకు గొంతు ఇచ్చే మనిషి. వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరూ ఆమెను "అత్తగారూ" అనే పిలుస్తారు, నాకొక్కడికే అక్క. మామూలుగా నలుగురిలో గొంతు పైకి రాదు. మైకు ముందు నిలబడితే మాత్రం నిప్పులు చెరుగుతుంది.

మా పని ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి. మేం కథంతా వేసి చూపించం. అత్తగారు నోరు తెరిచే ముక్క మాత్రమే తెర మీద వేస్తాను. ఆ పెదాలను చూస్తూ అక్క మాట కలుపుతుంది. పెదాలు మూతపడగానే బొమ్మ ఆపేసి తర్వాతి ముక్కకు వెళ్తాను. అవతలి మనిషి ఏమన్నాడో, ఎలా చూశాడో ఆమెకు అవసరం లేదు. అది ఇంకొకరు ఇంకోపూట వచ్చి చెప్పుకునే ముక్క. ఏళ్ల తరబడి అత్తగారి నోటితో మాట్లాడింది గానీ, ఆ మాటలు పడ్డవాళ్ల మొహాలు అక్క చూడనే లేదు. ఇంట్లో ఆ సీరియల్ పెట్టనిచ్చేది కూడా కాదు. "పొద్దస్తమానం నా గొంతు నేనే వినలేక చస్తున్నా, ఇంట్లో కూడానా" అనేది.

ఒకరోజు మాటలు రాసేవాడు ఒకచోట తక్కువ రాశాడు. తెర మీద అత్తగారు మామగారితో ఏదో అని ఇంకా పెదాలు కదుపుతూనే ఉంది, కాగితం మీద మాట అయిపోయింది. ఫోన్ చేస్తే మహానుభావుడు ఎత్తలేదు. డైరెక్టరు విసుక్కుని, "మీ నోటికొచ్చింది అనేయండి అత్తగారూ, పెదాలు నిండితే చాలు" అన్నాడు. అక్క ఆలోచించను కూడా లేదు. చిన్నగా నవ్వి, "మీరుండండి, మీకు తెలీదు" అంది.

అతికినట్టు సరిపోయింది. అందులో కోపం లేదు, గొంతు పెంచడం లేదు. పసివాడి చేతిలోంచి గాజుగ్లాసు తీసుకున్నట్టు ఆ మనిషి నోట్లోంచి మాట తీసేసుకుంది. డైరెక్టరు కుర్చీలోంచి లేచి, "ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ దీన్ని?" అని అడిగాడు. అప్పట్నుంచి అత్తగారు మామగారితో మాట్లాడే ప్రతిచోటా, పెదాలు ఒప్పుకుంటే చాలు, ఆ ముక్క ఇరికించాం. జనం నోళ్లలో పడిపోయింది. బస్సులో కండక్టరు ఎవరితోనో అంటుంటే నా చెవులతో విన్నాను. అక్క మురిసిపోయింది. నేనూ తక్కువ మురవలేదు.

బావగారు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేసి, కింది వాటాలో ఉన్న టైలరమ్మ ఇంటికి సీరియల్ చూడ్డానికి వెళ్తారు. పెళ్లాం గొంతు వినడానికి వేరేవాళ్లింటికి వెళ్లే మొగుణ్ని ఎక్కడా చూళ్లేదని అక్కను ఆటపట్టించేవాణ్ని.

ఆ రోజుల్లోనే వాళ్లు ఇల్లు మారాల్సొచ్చింది. రెండు ఇళ్లు చూశారు, ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. రెండోది చూసి వస్తూ బావగారు దారిలో "ఆ ఇల్లు..." అని మొదలుపెట్టారట. అక్క యథాప్రకారం "మీరుండండి" అంది. ఆయన ఉన్నారు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఆ మర్నాడు మా పని తొందరగా తెమిలింది. అక్క ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది, తాళంచెవి బావగారి జేబులో ఉంది. కిందికి దిగి టైలరమ్మ గుమ్మంలో నిలబడింది. ముందుగది నిండా జనం, అందరి వీపులూ ఇటు, మొహాలు టీవీ వైపు. టీవీలోంచి తన గొంతే వస్తోంది. "మీరుండండి, మీకు తెలీదు."

స్టూడియోలో అయితే అక్కడ బొమ్మ ఆగిపోయేది. ఇక్కడ ఆగలేదు. తెర నిండా మామగారి మొహం వచ్చింది. సగం మాటతో తెరుచుకున్న నోరు మెల్లిగా మూసుకున్నాడు. ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. ఏమీ కానట్టు నవ్వి, బాగానే ఉన్న చొక్కా గుండీని సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"అన్నయ్యా, మీ డైలాగు వచ్చేసింది" అంది టైలరమ్మ. గది గొల్లుమంది. అందులో ఎగతాళి లేదు, అలవాటు ఉంది. పైవాటా కిటికీలోంచి ఏళ్లుగా వింటున్న మాటే కాబట్టి, టీవీలో వచ్చినప్పుడు వాళ్లెవరూ ఆశ్చర్యపోయి ఉండరు. బావగారూ నవ్వారు. నవ్వి, "అది వేషం కదమ్మా. ఇంట్లో మా ఆవిడ అలా కాదు" అన్నారు.

నవ్వులు ఆగిపోయాయి. టైలరమ్మ తలొంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంది. ఆయన చెప్పిన అబద్ధాన్ని ఆ గదిలో ఒక్కరూ నమ్మలేదు, ఒక్కరూ కాదనలేదు. అప్పుడు బావగారు వెనక్కి తిరిగి అక్కను చూశారు. "అయ్యో, తాళం నా దగ్గరే ఉండిపోయింది" అని తప్పు చేసినవాడిలా గబగబా లేచి జేబులు తడుముకున్నారు.

అక్కకు తల తీసేసినట్టయింది. తాళంచెవి అందుకుని మెట్లెక్కేశానంది. నలుగురూ చూశారనే సిగ్గు కొంతే. ఆయన తనను వెనకేసుకొచ్చాడే, ఆ సిగ్గు ఎక్కువ.

మర్నాడు స్టూడియోలో ఆ మాట మళ్లీ వచ్చింది. అక్క అనలేదు. "తమ్ముడూ, తర్వాత ఏముందో వెయ్యి" అంది. వేశాను. మామగారి మొహం చూసింది. "మళ్లీ వెయ్యి" అంది. అలా చూస్తూనే ఉంది. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు.

"నేను ఆ మాటన్నాక మీ బావగారి మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదురా" అంది చివరికి. "అప్పటికే నేను వంటింట్లోకి వెళ్లిపోయి ఉంటాను."

"అందరిళ్లలోనూ ఉండేదేలే అక్కా" అన్నాను.

"అందరిళ్లలోనూ ఉంటే ఆ అత్తగారినెందుకురా అందరూ తిట్టిపోస్తున్నారు?"

బొమ్మ ఆపేశాను. ఆ ముక్క తీసేయమని డైరెక్టర్ని బతిమాలింది. జనం దానికోసమే చూస్తున్నారు, కుదరదన్నాడు. అక్కకు ఆ మాట అనక తప్పలేదు, అనేసింది. ఎప్పటికంటే బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. అక్క ఎవరి వైపూ చూడకుండా సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి బావగారి ఎదురుగా కూర్చుందట. "ఏ ఇల్లు తీసుకుందాం?" అని అడిగింది.

"నీ ఇష్టం."

"మొన్న దార్లో ఏదో అనబోయారు. ఏంటది?"

"ఏం లేదులే."

"చెప్పండి, వింటాను."

ఆయన నిజంగానే గుర్తు చేసుకోవాలని చూశారట. అక్క నోరు కట్టేసుకుని కూర్చుంది. మా పనిలో ఖాళీ కనిపిస్తే నింపేయాలి, నింపకుండా కూర్చోవడం ఆమెకు చేతకాదు. కుర్చీ అంచు పట్టుకుని అలాగే ఉంది.

"గుర్తులేదు" అన్నారాయన. "ఈమధ్య ఏదన్నా అనుకోవడం మొదలుపెడతాను గానీ, చివరిదాకా అనుకోను. మధ్యలో నువ్వు చెప్పేస్తావు కదా."

నిష్ఠూరంగా అన్నా బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని అంది అక్క. బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా చెప్పారట.