కళ్ళు మూసుకుని కాల్చిన ఐదు తూటాలు

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు నన్ను న్యూటౌన్‌లో ఒక మాల్‌కి తీసుకెళ్ళింది. పై అంతస్తులో, తినుబండారాల దుకాణాల పక్కనే, గాలి తుపాకితో గురిచూసి కాల్చే చోటు ఒకటి పెట్టారు. ఎన్నడూ తుపాకి పట్టి ఎరగని పిల్ల, సరదాగా ఎత్తి కాల్చిందో లేదో నల్లచుక్క నడిమధ్య తగిలింది. ఎవరో కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. అది వాళ్ళ వైపు తిరిగి, ఇక్కడి బెంగాలీలో అన్నలను పిలిచినట్టు, "లక్ దాదా, లక్. ఇంకోసారి అడక్కండి" అని నవ్వేసింది. వాళ్ళూ నవ్వి ఊరుకున్నారు. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను, నన్నెవరూ నమ్మలేదు.

అప్పట్లో మేము గార్డెన్ రీచ్‌లో ఉండేవాళ్ళం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడి ఓడరేవు డాక్‌లో క్రేన్ నడిపేవాడు. మా వీధి నుంచి కాలేజీకి వెళ్ళిన మొదటి ఆడపిల్లను నేనే. వెళ్ళిన ఏడాదే, కాలేజీలో సైనిక శిక్షణ ఇచ్చే కేడెట్లలో చేరాను. దేశభక్తితో కాదు, పరేడ్ అయ్యాక పెట్టే పూరీ, ఆలూదమ్ కోసం. కాల్పులు నేర్పిన మొదటి రోజు బోర్లా పడుకుని రైఫిల్ భుజానికి ఆనించుకున్నాక, పక్క పిల్ల కాల్చిన చప్పుడుకి అదిరిపోయి, నా ఐదు తూటాలూ రెండు కళ్ళూ గట్టిగా మూసుకునే కాల్చాను. గురిపెట్టిన అట్ట కార్డు తెచ్చి చూస్తే ఐదు చిల్లులూ నల్లచుక్కలోనే, రూపాయి బిళ్ళ కింద దాగిపోయేంత దగ్గరగా ఉన్నాయి. మేము ఉస్తాద్ అని పిలిచే హవల్దారు ఆ కార్డు పైకెత్తి అందరికీ చూపించాడు. కళ్ళు మూసుకున్నానని చెబితే, అణకువ అనుకుని నా తల నిమిరాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నాకు తోచదు కనుక ఇంటికొచ్చి నాన్నకీ అదే చెప్పాను. నేను దోషంగా చెప్పుకున్నది ఆయన చెవిలో ఘనతగా మారింది. వారం తిరిగేసరికి, క్రేన్ నడిపేవాడి కూతురు కళ్ళు మూసుకుని ఐదుకి ఐదూ కొడుతుందని డాకంతా తెలిసిపోయింది. వీధి కుళాయి దగ్గర మావయ్య వరసయ్యేవాళ్ళు, "ఏటమ్మా, గుడ్డ కట్టీమంటావేటి కళ్ళకి?" అని అడిగేవారు. నాకు తల ఎత్తబుద్ధి అయ్యేది కాదు. తన పనితనం గురించి కూడా ఏనాడూ గొప్ప చెప్పుకోని నాన్న, నా గురించి చెబుతుంటే ఆపడానికి నోరు రాలేదు.

ఆ శీతాకాలమే మా పెదనాన్న కాళీఘాట్ దర్శనానికని ఊరి నుంచి వచ్చారు. ఇంటికి పెద్ద ఆయనే. ఒక పిల్ల చదివింది చాలు, చెల్లెలి చదువు స్కూలుతో ఆపించమని నాన్నతో చెప్పారు. అన్నకి ఎదురు చెప్పడం నాన్నకి పుట్టుకతోనే లేదు. అందుకని వాదించకుండా, చదివిస్తే ఆడపిల్ల ఎంతటిదవుతుందో కళ్ళారా చూపిద్దామని, మా కేడెట్ల పోటీకి ఆయన్ని, తనతో పనిచేసే మరి నలుగురినీ వెంటబెట్టుకొచ్చాడు. చెల్లెలు అది శనివారమంటుంది. కాదు, ఆదివారమే, నాన్నకి సెలవు ఆ రోజే.

అంతా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని తాడు వెనకాల నిలబడ్డారు. ఆ రోజు నేను ఒక కన్ను బాగా తెరిచి, ఊపిరి బిగబట్టి, నేర్పినవన్నీ తలచుకుని కాల్చాను. రెండు తూటాలు కార్డు అంచున తగిలాయి, మూడు ఎటు పోయాయో తెలియదు. ఫలితం పేరుతో సహా పైకి చదివారు.

"ఏటిరా, కళ్ళు మూసుకుని కొడతాదన్నావు?" అన్నారు పెదనాన్న.

"ఇయ్యాల తెరిసింది అన్నియ్యా. అదే తప్పయిపోనాది" అన్నాడు నాన్న.

ఆ నలుగురూ నవ్వారు, నాన్నా నవ్వాడు. పెదనాన్న నవ్వలేదు. బస్సులో, ఇక చిన్నదాని సంగతి తేలిపోయినట్టేగా అన్నారు. కిటికీ వైపు చూస్తున్న నాన్న తల తిప్పకుండా, "సిన్నదానికి తుపాకీ ఇవ్వన్లే అన్నియ్యా, పుస్తకాలే కొంటాను" అన్నాడు. అన్నకి ఆయన ఎదురు చెప్పడం అదే మొదలు. మర్నాడు పెదనాన్న అన్నం ముట్టకుండా రైలెక్కి వెళ్ళిపోయారు. చెల్లెలు కాలేజీలో చేరింది. అన్నదమ్ములు మాత్రం మళ్ళీ ఒక విస్తరి పక్కన ఒక విస్తరి వేసుకుని కూర్చోలేదు. ఒక్క తూటా అయినా నల్లచుక్కలో తగిలి ఉంటే నాన్న ఆ మాట అనవలసి వచ్చేది కాదేమో అని, ఆయన ఊరి మాట ఎత్తి మధ్యలో ఆపేసినప్పుడల్లా నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని.

తరవాత రెండేళ్ళు నేను ఒక్క ఆదివారం మానకుండా వెళ్ళి సాధన చేశాను. చప్పుడుకి అదరడం పోయింది. చివరి ఏడాదికి ఐదూ నల్లచుక్కలోనే పడేవి, కళ్ళు తెరుచుకునే. అప్పుడు చూసేవాళ్ళు లేరు, చప్పట్లూ లేవు. ఉస్తాద్ తల ఊపి తరవాతి పిల్లను పిలిచేవాడు. నాన్నను మళ్ళీ రమ్మని అడగడానికి సిగ్గేసింది. ఇంట్లో అసలు ఆ ఊసే ఎత్తలేదు.

ఇప్పటి పిల్లలు తగిలిందీ తప్పిందీ కూడా ఆ నిమిషంలోనే ఫోనులో ఇంటికి పంపించేస్తారు, పది మాటలు పడితే పదకొండో మాటకి నవ్వుతారు. మేము పడ్డ మాటను లోపల దాచుకుని, దాని మీద కష్టపడి, ఆ కష్టాన్నీ దాచుకునేవాళ్ళం. పరువు అంటే అదే అనుకున్నాం. నేను నిజంగా గురి నేర్చుకున్నానని తెలియకుండానే నాన్న పోయాడు. అదృష్టం కొద్దీ గురి తగిలిన ఆ మొదటి రోజునే ఆయన చివరిదాకా నా విద్య అనుకున్నాడు.