వాగు పారని చోట

మా అత్త ఫిదెలీనాకు ఎల్ సాల్వడోర్ పేరుకే సొంత దేశం. పుట్టిందీ, పెళ్లాడిందీ, బిడ్డల్ని కన్నదీ సరిహద్దు వాగు అవతల, హోండురాస్ కొండవాలులో. అక్కడ మామ లియాండ్రో అడవి కొట్టి మొక్కజొన్న చేను చేశాడు. పక్క చేను అపొలోనియోది. అత్త పెద్దకొడుకు జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డ మనిషి.

అరవై తొమ్మిదిలో రెండు దేశాలకూ యుద్ధం వచ్చింది. నాలుగు రోజుల యుద్ధమే. సైనికుల్ని అత్త వాకిట్లోకి తీసుకొచ్చింది అపొలోనియో.

"అన్నా, మేమెవరమో నువ్వైనా చెప్పు వాళ్లకి," అంది అత్త.

"చెప్పాను చెల్లెమ్మా. సాల్వడోర్ వాళ్లని చెప్పాను."

తుపాకీ మడమలతో మామను చితకబాదారు. వాగు దాటాక, ఇవతలి ఒడ్డున, నెత్తురు కక్కుకుని పోయాడు. అత్త ఆయన్ని అక్కడే పాతిపెట్టి, పక్కనే గుడిసె వేసుకుంది. లోపలి ఊళ్లకు రమ్మని ఎవరు పిలిచినా కదల్లేదు. తెల్లారి రొట్టెలు కాలుస్తూ, అవతల అపొలోనియో కలిపేసుకున్న తన పాత ఇంట్లోంచి లేచే పొగను చూసేది. మా దేశంలో అంతర్యుద్ధం వచ్చింది, పోయింది. ఆమె చూపు మాత్రం అటే.

తర్వాత సరిహద్దు తగువుకు తీర్పు వచ్చి, కొలతలవాళ్లు రాళ్లు పాతడానికి వచ్చారు. పాత వాగు ఎటు పారేదో అదే గీత అన్నారు. ఆ రోజులు ఎరిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. అపొలోనియోది చేనుగలవాడి మాట అని పక్కన పెట్టి, అత్తను అడిగారు.

అత్త చేతికర్ర ఎత్తి, అతని చేనుకు ఆవల ఉన్న ఎండుగండిని చూపించింది.

"అదిగో. మా అమ్మ నాకు నీళ్లు పోసింది అక్కడే."

ఆ గండిలో చిన్నప్పుడు మేకలు మేపానని మా నాన్న బతికుండగా చెప్పేవాడు. అక్కడ వాగు ఏనాడూ పారలేదు.

రాళ్లు పడ్డాయి. అపొలోనియో ఇల్లూ చేనూ మా దేశంలోకి వచ్చేశాయి, అతను పరాయివాడయ్యాడు. అక్కడ పాతకాలం నుంచి ఉన్నవాళ్లెవరైనా సాక్ష్యం చెబితేనే పట్టా అన్నారు. టోపీ చేత్తో పట్టుకుని అత్త గుమ్మంలోకి వచ్చాడు.

"నేను అక్కడే బతికానని నీకంటే ఎవరికి తెలుసు చెల్లెమ్మా?"

"బాగా తెలుసు అపొలోనియో గారూ. నాకు సంతకం రాదు."

"వేలిముద్ర చాలట."

"చేతులు ఖాళీ లేవు," అని అత్త పిండి పిసుకుతూనే ఉంది. మధ్యాహ్నం దాకా ఎండలో కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

ఆ చేను అత్తకు రాలేదు. పురపాలకులు ఇంకెవరికో ఇచ్చారు. నేను ఉండబట్టలేక అడిగాను.

"నీకేం మిగిలింది అత్తా?"

"అతనికి మిగల్లేదుగా."

అపొలోనియో కంచరగాడిద మీద సామాను కట్టుకుని హోండురాస్ లోపల నకావొమే ఊళ్లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరిన రోజున, అత్త తలదువ్వుకుని, ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుని వాగు దాటింది. దారి పక్కన ముక్కాలిపీట వేసుకుని, అతను మలుపు తిరిగేదాకా కూర్చుంది.