నసీమున్నీసాకు గుమ్మం పక్క చోటు

నసీమ్ అరబ్బీ మాట. తెల్లవారుజామున మెల్లగా వీచే చల్లగాలి అని అర్థం. నిసా అంటే స్త్రీలు. రెండూ కలిపితే స్త్రీలలో పిల్లతెమ్మెర. ఎడారి ఎండకు మాడిన జనం చల్లగాలికి ఎంత మర్యాద చేశారో ఈ పేరే సాక్ష్యం. పారశీక కవులు ఆ గాలి చేత ప్రేమ కబుర్లు మోయించారు. తర్వాత నవాబుల అంతఃపురాల్లో బేగములు ఆ పేరును నగలా పెట్టుకున్నారు. ఇంత ఊరేగిన పేరు చివరికి గుంటూరు పక్క పల్లెలో, దూదేకుల సుభానీ ఇంట్లో దిగింది. మసీదు హజ్రత్ చెప్పాడు, సుభానీ కూతురికి పెట్టాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గనక అర్థం ఎవరూ అడగలేదు.

2003 నాటికి నసీమున్నీసాకు యాభై ఏళ్లు. భర్త పోయాడు. గుంటూరులో ఒక మిరప గోదాములో కాయలకు ముచ్చికలు తీస్తోంది. అక్కడ ఆమె పేరు బూబమ్మ. పక్కన కూర్చునే షాజాదీ పేరూ బూబమ్మే. మేస్త్రి నాగేంద్రబాబు పేర్ల విషయంలో పొదుపరి.

గోదాముకు ఒక ధర్మసూత్రం ఉంది. గాలి ఆడితే కాయ ఆరుతుంది, ఆరితే తూకం తగ్గుతుంది. అందుకని కాయల మీద నీళ్లు చిలకరించి, తలుపులు మూసి, ఫ్యాను లేకుండా ముప్పైమంది ఆడవాళ్లను లోపల కూర్చోబెడతారు. కాటా వైపు తలుపు మాత్రం జానెడు తీసి ఉంచుతారు. ఆ సందు పక్కన ఒక్క మనిషి పట్టే చోటుంది. పదకొండేళ్లు ఆ సింహాసనాన్ని ఏలిన రాజ్యం అనే ఆమె, మోకాళ్ల నొప్పులతో ఆ మార్చిలో పని మానేసింది.

నసీమున్నీసాకు రెండేళ్లుగా దగ్గు. డాక్టరు గొట్టం పెట్టి విని, "ఆ పని మానెయ్. కాదంటే గాలి తగిలేచోటన్నా కూర్చో. లోపలే కూర్చుంటే ఈ ఎండాకాలం దాటవు" అన్నాడు. పని మానితే పొయ్యి వెలగదు. మిగిలింది రాజ్యం చోటు.

ఆ వారమే ఓటర్ల జాబితా రాసుకోవడానికి వచ్చిన ఉర్దూ మాస్టారు, ఆమె పేరు విని కలం ఆపి, అరబ్బులూ కవులూ బేగములూ అన్నీ వివరించాడు. నసీమున్నీసా వాటిని నమ్మింది. అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు గోదాముకు పట్టుకెళ్లింది.

"మేస్త్రిగారూ, రాజ్యం చోటు నాకియ్యండి. నా పేరుకర్థం చల్లగాలంట, మాస్టారు చెప్పాడు. గాలి పేరు పెట్టుకున్నదాన్ని, కాస్త గాలికి కూర్చోనియ్యండి."

నాగేంద్రబాబు విషయాన్ని న్యాయమూర్తిలా పరిశీలించాడు.

"ఇన్నేళ్లబట్టి చేస్తన్నావు, ఈ సంగతి చెప్పలేదేం? ఏమ్మా, రెండో బూబమ్మా, నీ పేరుకేందంట?"

"షాజాదీ అండి. రాజుగారి కూతురని మా నాయన చెప్పేవాడు."

"ఇంకేం మరి. రాజుగారి కూతురు గుమ్మంలో కూర్చుంటే మనకు పరువు. చల్లగాలి లోపలుండాల. నువ్వా మూలకెళ్లు, అందరికీ తగులుతావు."

ముప్పైమందీ నవ్వారు. ముక్కులకు గుడ్డలు కట్టుకుని ఉన్నందున నవ్వు కళ్లలోనే కనిపించింది, బాగానే కనిపించింది. షాజాదీ పీట తీసుకుని లేచింది.

"ఏమనుకోబాక నసీమక్కా. నాకూ దగ్గుంది."

అది అబద్ధం కాదు.

నాటినుంచి మూలవైపు రోజూ పిలుపులే. "ఏమే చల్లగాలీ, ఇటు కాస్త వీచవే" అనేది ఎదురు వరసలో కాయలు తీసే కోటేశ్వరి. నసీమున్నీసా దగ్గితే, "వీచమంటే తుఫాను తెస్తందే" అనేది. మొదట్లో నసీమున్నీసా కూడా నవ్వింది. ఏప్రిల్లో మానేసింది. నవ్వడానికి ఊపిరి కావాలి.

మే రెండో వారం, మిట్టమధ్యాహ్నం, కాయల రాశి మీదికి ఒరిగిపోయింది. దగ్గు ఆగిందని అందరూ సంతోషించడంతో సంగతి తెలియడానికి కొంతసేపు పట్టింది. జానెడు సందులోంచి మనిషిని మోసుకెళ్లడం కుదరదు గనక తలుపులు రెండూ బార్లా తీయాల్సి వచ్చింది. బయట రేకుల నీడలో పడుకోబెట్టి ఆటో కోసం చూశారు. అరగంటకు ఆటో వచ్చింది. అప్పటికి ఆమెకు దానితో పని లేదు.

ఆ అరగంటా గోదాములోకి గాలి వచ్చింది. మే నెల వడగాలే, అయినా గాలి. ఏళ్లనాటి ఘాటు కదిలి బయటికి పోయింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే ముక్కుగుడ్డలు దించుకున్నారు. కోటేశ్వరి కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

"ప్రాణం లేచొచ్చినట్టుందే" అంది.

నాగేంద్రబాబు రాశిలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి.

"ఇక చాల్లే, తలుపులెయ్యండి. కాయ ఆరిపోతంది."

గుమ్మం పక్కన ఉన్నది షాజాదీయే గనక, ఆమే లేచి మూసింది, జానెడు వదిలి.